గ్రహణం దాకా ఆగనక్కర్లేదు

సూర్యుడి అంచున మంటల్ని ఎగదోసేదేమిటి? 1868లో గుంటూరులో పదునెక్కిన ప్రశ్న ఇది. దాని జవాబును ఇప్పుడు ఉక్కు గదుల్లో, సెకనులో వెయ్యోవంతు కూడా నిలవని ప్లాస్మాలో వెతుకుతున్నారు.

1868 ఆగస్టు 18, మంగళవారం. శ్రావణ బహుళ అమావాస్య. కంద మొక్కకు పసుపు కుంకుమలు పెట్టి పిల్లల క్షేమం కోరుకునే పోలాల అమావాస్య నాడే గుంటూరు మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఐదు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటి. చాలా గ్రహణాల్లో సంపూర్ణ దశ రెండు మూడు నిమిషాలకు మించదు. అందుకే ఆ ఏడు యూరప్ శాస్త్రజ్ఞులు ఓడలెక్కి మన తీరం దారి పట్టారు.

అప్పటికి గుంటూరు పేరున జిల్లా లేదు. 1859లో దాన్ని రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్లీ 1904లో గానీ విడదీయలేదు. జిల్లా పోయినా ఊరికి పత్తి పేరు పోలేదు. నిజాం రాజ్యం నుంచి బండ్ల మీద వచ్చిన పత్తి ఇక్కడ చేరి మచిలీపట్నం, కాకినాడ రేవుల మీదుగా యూరప్‌కు వెళ్లేది. ఆ వ్యాపారంలో ఉన్న ఫ్రెంచి కుటుంబాలు కొన్ని గుంటూరులోనే కాపురముండేవి. అలాంటి వర్తకుల్లో ఒకరైన జూల్ లెఫోషర్ ఇంట్లో పారిస్ నుంచి వచ్చిన పియర్ జూల్ జాన్సెన్ తన దూరదర్శినిని నిలబెట్టుకున్నాడు. శ్రావణ మాసంలో మబ్బులతో జూదమే. సముద్రపుటొడ్డున తేమ భయం, కొండల దగ్గర మబ్బు భయం. రెంటికీ మధ్యనున్న మైదానంలో ఆకాశం తేటగా ఉండొచ్చని లెక్క వేసుకుని ఆయన గుంటూరు ఎంచుకున్నాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనంట్ బృందం ఫోటోలు తీసే సరంజామాతో అదే ఊళ్లో దిగింది. మద్రాసు నక్షత్రశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు.

చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పేయగానే నల్లటి అంచు చుట్టూ ఎర్రటి మంటలు లేచి కనిపించాయి. అలాంటివి అంతకుముందు గ్రహణాల్లోనూ చూశారు, 1860లో ఫోటోలూ తీశారు. అవి సూర్యుడివేనని తేలింది గానీ దేనితో చేసినవో తేలలేదు. టెనంట్ ఫోటోల్లో ఒక మంట కొమ్ములా నిటారుగా, మెలితిరిగి ఉంది. దాని ఎత్తు లక్షా నలభై వేల కిలోమీటర్లకు పైనే. పది భూముల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినా దాని కొస అందదు. ఆ మెలి సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దానితో పని ఉంది.

జాన్సెన్ దృష్టి బొమ్మ మీద కాదు, రంగుల మీద. దూరదర్శిని నుంచి వచ్చే వెలుగును సన్నని చీలిక గుండా పంపి, పట్టకాలతో రంగులు విడదీసే స్పెక్ట్రోస్కోపు ఆయన చేతిలో ఉంది. ఆ చీలికను మంట మీదికి తిప్పగానే ఇంద్రధనుస్సు లాంటి పట్టీ రాలేదు. విడివిడిగా నాలుగైదు మెరిసే గీతలు వచ్చాయి. వాటిలో ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజన్‌వి. అంటే ఆ మంట మండే రాయీ కాదు, మేఘమూ కాదు. ప్రధానంగా వేడెక్కి వెలుగుతున్న హైడ్రోజన్ వాయువు. గ్రహణం చూడ్డానికి వచ్చిన మిగతావాళ్లూ ఆ ఉదయం ఇంచుమించు ఇదే కనుక్కున్నారు. కానీ ఆ గీతల మెరుపు చూసిన జాన్సెన్‌కు ఇంకో ఆలోచన తట్టింది: ఇంత ప్రకాశంగా ఉన్న గీతలు గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనబడవు?

ఆ రోజు మబ్బు కమ్మేసింది. మర్నాడు, ఆగస్టు 19న, సూర్యోదయానికే సిద్ధంగా ఉన్నాడు. చీలికను సూర్యబింబం అంచుకు సరిగ్గా ఆనించాడు. సగం చీలిక సూర్యుడి మీద, సగం బయట ఆకాశం మీద. కాసేపటికి బయటి సగంలో, ముందురోజు చీకట్లో కనిపించిన చోటే, ఎర్ర గీత వెలిగింది. చీలికను అంచు వెంట కొద్దికొద్దిగా జరుపుతూ, గీత ఎంత పొడుగు సాగుతోందో గీసుకుంటూ పోతే మంట ఆకారం మొత్తం కాగితం మీదికి వచ్చేసింది. ఇందులో కిటుకు ఏమిటంటే, మన కళ్లకు అడ్డుపడే ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. పట్టకం దాన్ని వెడల్పుగా పరిచేసరికి పలచబడిపోతుంది. మంట వెలుగంతా నాలుగైదు రంగుల్లోనే ఉంటుంది కాబట్టి ఎంత పరిచినా పలచబడదు. కొన్ని శతాబ్దాలుగా గ్రహణం దయతలిస్తేనే కనబడే దృశ్యం ఆ పొద్దుటి నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చనేలా మారిపోయింది. పదిహేడు రోజులు ఆయన అదే పనిలో ఉండిపోయాడు.

కాకినాడ నుంచి సెప్టెంబరు 19న రాసిన ఉత్తరం ఓడ ప్రయాణం చేసి అక్టోబరు చివరికి పారిస్ అకాడమీ చేరింది. అదే రోజు ఇంగ్లండు నుంచి నార్మన్ లాకియర్ ఉత్తరమూ చేరింది. ఆయన గ్రహణం మొహం చూడకుండానే అక్టోబరు 20న ఇదే పద్ధతి సాధించాడు. ఇద్దరి ముఖాలూ ముద్రించి ఫ్రాన్సు ఒక పతకం వేయించింది. జాన్సెన్ పట్టుదల ఎలాంటిదంటే, 1870లో జర్మన్ సేన పారిస్‌ను ముట్టడించి ఉండగా బెలూన్ ఎక్కి నగరం దాటిపోయి ఇంకో గ్రహణం కోసం అల్జీరియా వెళ్లాడు. అక్కడ మబ్బు పట్టింది.

గుంటూరు గ్రహణం అనగానే మన పుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడుల్లో ఒకే మాట కనిపిస్తుంది: హీలియం ఇక్కడే కనుక్కున్నారని. ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఆ ఉదయం కనిపించిన పసుపు గీతను సోడియంది అనుకున్నారు. అది సోడియం గీత ఉండాల్సిన చోట సరిగ్గా లేదని మచిలీపట్నంలో పాగ్సన్ గమనించాడు. అది కొత్త మూలకానిదని పట్టుబట్టినవాడు లాకియర్. భూమి మీద దాన్ని పట్టుకున్నది 1895లో విలియం రామ్సే. హీలియం గొప్పదే, కానీ గుంటూరు లోకానికి ఇచ్చింది అంతకన్నా పెద్దదని నా నమ్మకం. ఆకాశం చూపించినప్పుడు చూడ్డం మాని, మనకు కావలసినప్పుడు మన పరికరంతో చూడొచ్చన్న ధైర్యం ఇచ్చింది. సూర్యుడి మంటల వెనకున్న శక్తిని ప్రయోగశాలకు దించుకోవాలన్న ఇప్పటి ప్రయత్నం ఆ ధైర్యానికి కొనసాగింపే.

మెలి విప్పేదెవరు?

మంట హైడ్రోజన్ అని తేలాక అసలు చిక్కు మొదలైంది. సూర్యుడి మీద గురుత్వం భూమి మీదకన్నా 28 రెట్లు. అంత బరువు లాగుతుంటే వాయువు లక్ష కిలోమీటర్ల ఎత్తున వారాల తరబడి ఎలా వేలాడుతోంది? ప్రశాంతంగా ఉన్నది ఉన్నట్టుండి తెగి అంతరిక్షంలోకి ఎందుకు ఎగిసిపోతోంది? 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మచ్చల మీద కొన్ని నిమిషాలపాటు తెల్లటి మెరుపు చూశాడు. పద్దెనిమిది గంటలైనా కాకముందే భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది. టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు వచ్చాయి. ముంబయిలోని కొలాబా పరిశోధనశాల పరికరాల్లోనూ ఆ తుపాను జాడ నమోదైంది. ఆ మెరుపుకూ గుంటూరులో కనిపించిన మెలికూ ఒకటే మూలమని అప్పుడెవరికీ తెలియదు.

1908లో అమెరికాలో జార్జి హేల్ సూర్యుడి మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని రుజువు చేశాడు. దాంతో తాళంచెవి దొరికింది. సూర్యుడిలోని వాయువు మామూలు వాయువు కాదు. వేడికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, ధన రుణ ఆవేశాలు విడివిడిగా తిరుగాడే ప్లాస్మా. స్వీడన్ శాస్త్రజ్ఞుడు హాన్నెస్ ఆల్ఫ్‌వెన్ 1940లలో చెప్పిన సూత్రం ప్రకారం ప్లాస్మా, అయస్కాంత బలరేఖలు ఒకదాన్ని ఒకటి వదలవు. ప్లాస్మా ఎటు పోతే రేఖ అటు పోతుంది, రేఖ వంగితే ప్లాస్మా వంగుతుంది. సూర్యుడి ఉపరితలం కింద ప్లాస్మా నిరంతరం సుడులు తిరుగుతుంటుంది కాబట్టి పైనున్న రేఖలకు మెలి పడుతూనే ఉంటుంది. టెనంట్ ఫోటోలో కొమ్ముకున్న మెలి అలాంటిదే. మెలి పడేకొద్దీ అందులో శక్తి కూడుతుంది.

కూడిన శక్తి బయటికెలా వస్తుందన్నదే ముడి. రేఖ తెగితే గానీ రాదు. ఆల్ఫ్‌వెన్ సూత్రమేమో తెగనివ్వదు.

ఇక్కడ చీరాల మగ్గాల దగ్గర ఒక పని చూస్తే విషయం అర్థమవుతుంది. పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పడుగు కొసల్ని కొత్త పడుగు కొసలకు ఒక్కొక్కటిగా మెలేసి కలుపుతారు. అచ్చు అతకడం అంటారు. వేల పోగులు. వేళ్ల మధ్య బూడిద అద్దుకుంటూ, చూపుడు వేలూ బొటనవేలూ కలిపి ఒక్క విసురుతో పోగు పోగుకూ అతుకు పడుతుంటే పక్కన నిలబడ్డవాళ్ల కళ్లు అందుకోలేవు. ఇప్పుడు రెండు వరసల పోగులు ఎదురెదురు దిశల్లో సాగి ఒకదానికొకటి ఒత్తుకుంటున్నాయని ఊహించండి. కలిసిన చోట పోగులు తెగి, ఈ వరస కొస ఆ వరస కొసతో అతుక్కుంది. అలా అతికిన కొత్త పోగు మధ్యలో గట్టిగా వంగి ఉంటుంది. బిగువు మీదున్నది కాబట్టి వెంటనే పక్కకు లాక్కుని నిటారవుతుంది. అయస్కాంత రేఖల విషయంలో జరిగేది అదే. ఎదురెదురు దిశల రేఖలు దగ్గరకొచ్చిన చోట పలచటి విద్యుత్ పొర ఏర్పడుతుంది. ఆ పొరలో రేఖలు తెగి కొత్తగా అతుక్కుంటాయి. అతుక్కున్న రేఖలు నిటారయ్యే వేగానికి ప్లాస్మా రెండు పక్కలకూ చిమ్ముకుపోతుంది. కూడిన అయస్కాంత శక్తి వేడిగా, వేగంగా మారిపోతుంది. దీన్నే మాగ్నెటిక్ రీకనెక్షన్ అంటారు, తెలుగులో అయస్కాంత పునస్సంధానం. మగ్గం పోలిక ఇక్కడితో ఆపాలి. పోగు నిజంగా ఉంటుంది, బలరేఖ మాత్రం మనం గీసుకున్న గీత. తెగి అతుక్కోవడంలో విడుదలయ్యే శక్తి మాత్రం నిజం. కారింగ్టన్ చూసినలాంటి పెద్ద సౌరజ్వాల ఒక్కదానిలో వెలువడేది వంద కోట్ల హైడ్రోజన్ బాంబులకు తీసిపోదు.

ఆస్ట్రేలియాలో రొనాల్డ్ జొవనెల్లి 1946లో ఈ దారిలో మొదటి అడుగు వేశాడు. 1956లో స్టాక్‌హోమ్ సదస్సులో బ్రిటన్‌కు చెందిన పీటర్ స్వీట్ విద్యుత్ పొర బొమ్మ గీసి చూపించాడు. ఆ ఉపన్యాసం విన్న అమెరికన్ యూజీన్ పార్కర్ దానికి లెక్క కట్టాడు. లెక్క అందంగా కుదిరింది, జవాబే కుదరలేదు. ఆ సూత్రం ప్రకారం ఒక సౌరజ్వాల శక్తి విడుదల కావడానికి నెలలు పట్టాలి. సూర్యుడు ఆ పనిని నిమిషాల్లో చేసేస్తున్నాడు. విద్యుత్ పొర పొడవుగా, మరీ పలచగా ఉండడం వల్ల ప్లాస్మా బయటికి పోయే దారి ఇరుకై పని నెమ్మదించిపోతుంది. 1964లో హ్యారీ పెట్చెక్ ఇంకో నమూనా ఇచ్చాడు. దాంట్లో పొర పొట్టిగా ఉంటుంది, వేగం సరిపోతుంది. అయితే ప్రకృతి ఆ నమూనానే ఎందుకు ఎంచుకుంటుందో దానిలో లేదు. కాగితం మీద తేలని తగాదా ఇది. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం. దూరదర్శినితో ఎంత చూసినా ఆ పొర లోపల ఏం జరుగుతోందో కనబడదు. జాన్సెన్ గ్రహణం కోసం ఆగనట్టే వీళ్లూ సౌరజ్వాల కోసం ఆగకూడదనుకున్నారు. రీకనెక్షన్‌ను ఇంట్లోనే చేసుకోవాలి.

ఉక్కు గదిలో ఒక్క క్షణం

1970ల చివర నుంచి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రైనర్ స్టెంజెల్, వాల్టర్ గెకెల్మన్ ఈ ప్రయోగాలు చేశారు. తర్వాత టోక్యో విశ్వవిద్యాలయంలో ప్లాస్మా వలయాలను రెండింటిని ఢీకొట్టించి చూశారు. అన్నిటికన్నా నిలకడగా, చాలా ఏళ్లు నడిచింది అమెరికాలోని ప్రిన్స్‌టన్ ప్లాస్మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మసాకి యమడ నెలకొల్పిన యంత్రం. 1995లో మొదలైంది. పేరు ఎం.ఆర్.ఎక్స్.

దాని పనితీరు దగ్గరగా చూద్దాం. ఒకటిన్నర మీటర్ల వ్యాసమున్న స్థూపాకారపు ఉక్కు గది. గాలి మొత్తం తోడేసి పలచగా హైడ్రోజన్ జాతి డ్యుటీరియం గానీ, హీలియం గానీ నింపుతారు. సూర్యుడి పేరు పెట్టుకున్న మూలకం ఇక్కడ సూర్యుడి వేషం కడుతుందన్నమాట. లోపల ముప్పావు మీటరు వ్యాసంతో రెండు వలయాలు, ఒకదానికొకటి ఎదురుగా. వలయాల లోపల రాగి తీగ చుట్లు. పక్క గదిలోని కెపాసిటర్లలో నిల్వచేసిన విద్యుత్తును ఒక్కసారిగా వదిలితే వలయాల చుట్టూ అయస్కాంత రేఖలు ఏర్పడతాయి, వాయువు ప్లాస్మాగా మారుతుంది. ఆ తర్వాతిదే అసలు అడుగు. వలయాల్లో ప్రవాహాన్ని చకచకా తగ్గిస్తారు. రెండు వలయాల రేఖలూ ఎవరివి వాళ్లు వెనక్కి లాక్కోవాలని చూస్తాయి. ఉమ్మడిగా చుట్టుకున్న రేఖలు మధ్యకు రావాలి, ఎదురెదురు పడాలి, తెగాలి, ఈ వలయానివి ఈ వలయానికి, ఆ వలయానివి ఆ వలయానికి అతుక్కోవాలి. రెండు వలయాల నడుమ కొన్ని సెంటీమీటర్ల మందాన విద్యుత్ పొర నిలబడుతుంది. ప్రయోగం మొత్తం సెకనులో వెయ్యోవంతు లోపు ముగిసిపోతుంది. కెపాసిటర్లు మళ్లీ నిండే దాకా ఆగి, ఇంకోసారి. రోజంతా అదే వరస.

ఆ ప్లాస్మా వేడి యాభై వేల నుంచి లక్షన్నర డిగ్రీలు. అయినా దాని మధ్యలోకి సన్నని గాజు గొట్టాలు దూర్చి ఉంచుతారు. గొట్టాల్లో గింజలంతేసి తీగ చుట్లు వరసగా ఉంటాయి. అయస్కాంత క్షేత్రం మారినప్పుడల్లా ఆ చుట్లలో చిన్న వోల్టేజీ పుడుతుంది. దాన్ని కూడుకుంటూ పోతే ఏ క్షణంలో ఏ బిందువు దగ్గర క్షేత్రం ఎంతో తెలుస్తుంది. అంత వేడిలో గాజు కరగకపోవడానికి కారణం ప్లాస్మా బాగా పలచన, నిలిచేది రెప్పపాటులో ఎన్నోవంతో. సూర్యుడి మీద ఇది అసాధ్యం. ప్రయోగశాల వల్ల వచ్చిన లాభమంతా ఇందులోనే ఉంది: పొరలోకి చెయ్యి పెట్టి చూడొచ్చు, కావలసినప్పుడు మళ్లీ జరిపించొచ్చు, ఒక్కో మీట తిప్పి ఏది మార్చితే ఏం మారుతోందో గమనించొచ్చు.

ఏం తేలింది? ప్లాస్మా కణాలు ఒకదానికొకటి తరచూ గుద్దుకునేంత చిక్కగా ఉన్నప్పుడు స్వీట్, పార్కర్ల నెమ్మది లెక్క సరిగ్గా సరిపోయింది. పలచన చేసి గుద్దుళ్లు తగ్గించగానే వేగం పెరిగిపోయింది. కారణం ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల బరువు తేడా. ప్రోటాన్ 1836 రెట్లు బరువు. పొర దగ్గరకు వచ్చేసరికి బరువైన ధనావేశ కణాలు, అంటే అయాన్లు, రేఖలతో చెలిమి ముందే వదిలేస్తాయి. తేలికైన ఎలక్ట్రాన్లు మాత్రం రేఖల్ని పట్టుకుని ఇంకా లోపలికి పోతాయి. ఇలా దారులు వేరవడంతో పొరకు నాలుగు మూలలా ఎదురుబొదురుగా ఉండే అదనపు అయస్కాంత క్షేత్రం పుడుతుంది. హాల్ ప్రభావం అంటారు. సిద్ధాంతం ఎప్పటినుంచో ఊహించిన ఆ నాలుగు మూలల ఆకారం 2005లో ఎం.ఆర్.ఎక్స్. గాజు గొట్టాలకు స్పష్టంగా చిక్కింది. హాల్ ప్రభావం వల్ల ప్లాస్మాకు బయటికి పోయే దారి వెడల్పవుతుంది. నెలల పని నిమిషాల్లోకి దిగడానికి అదొక ముఖ్య కారణం.

2014లో యమడ బృందం శక్తి లెక్క కూడా తేల్చింది. పొరలోకి వచ్చిన అయస్కాంత శక్తిలో సుమారు సగం కణాల శక్తిగా మారింది. అందులో దాదాపు మూడింట రెండొంతులు అయాన్లకు, ఒక వంతు ఎలక్ట్రాన్లకు. ఎవరికి ఎంత అన్న ఈ పంపకం తెలియనిదే సౌరజ్వాలలో ఎక్స్-కిరణాలు ఎందుకంత బలంగా వస్తాయో చెప్పలేం. 2015లో నాసా ఒకే రకం ఉపగ్రహాల్ని నాలుగింటిని భూమి అయస్కాంత క్షేత్రపు సరిహద్దుకు పంపింది. అవి అంతరిక్షంలో ఎలక్ట్రాన్ల పొరలోంచే ప్రయాణం చేసి, ప్రయోగశాల కొలతలతో పోల్చి చూడదగ్గ ఆధారాలు తెచ్చాయి.

ఒక్కచోట ప్రయోగం కంప్యూటర్ మాటను కొట్టేసింది కూడా. లోపలి ఎలక్ట్రాన్ పొర కంప్యూటర్ నమూనాలు చెప్పినదానికన్నా కొన్ని రెట్లు మందంగా ఉందని ప్రిన్స్‌టన్ కొలతల్లో తేలింది. ఎందుకో వివరించడానికి చాలా వాదనలు నడిచాయి. ప్రయోగం లేకుంటే ఆ తేడా ఉందనే తెలిసేది కాదు.

ఈ పని మన దేశానికి దూరమేమీ కాదు. గాంధీనగర్ దగ్గర భాట్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి ఆదిత్య అనే టోకమాక్ నడుస్తోంది. కేంద్రక సంలీనంతో విద్యుత్తు తీసే కలకు ఇది మన మొదటి మెట్టు. ఉంగరం ఆకారపు గదిలో వేడి ప్లాస్మాను అయస్కాంత రేఖలతో కట్టిపడేస్తారు. సూర్యుడిలో మెరుపుల్ని పుట్టించే రీకనెక్షనే ఇక్కడ కట్లు తెంపుతుంది. టోకమాక్‌లో నడిమి వేడి మెల్లగా పెరిగి, ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ పెరుగుతుంటుంది. 1974లో గమనించిన ఈ రంపపు పళ్ల ఆకారానికి రష్యన్ శాస్త్రజ్ఞుడు కడోంసెవ్ మరుసటి ఏడాదే రీకనెక్షన్‌తో వివరణ ఇచ్చాడు. సంలీనం కోసం ప్లాస్మాను పట్టి ఉంచాలనుకునేవాళ్లకు ఇది తలనొప్పి, సూర్యుణ్ని చదివేవాళ్లకు పాఠం. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో జి. రవీంద్ర కుమార్ బృందం ఇంకో దారి పట్టింది. అతి శక్తిమంతమైన లేజర్‌తో ఘనపదార్థాన్ని క్షణంలో ప్లాస్మా చేసి, అందులో పుట్టే భారీ అయస్కాంత క్షేత్రాలు ఎలా సుడులు తిరుగుతాయో కొలిచింది. ఆ కృషికి ఆయనకు 2015 ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

మన తీరం నుంచే ఆదిత్య

గాంధీనగర్ యంత్రం పేరు, శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహం పేరు ఒకటే. 2023 సెప్టెంబరు 2న ఉదయం 11.50కి పీఎస్ఎల్వీ మీద బయల్దేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యలో కుదురుకుంది. అక్కడ సూర్యుడు ఎప్పుడూ అస్తమించడు. దానిలోని ఏడు పరికరాల్లో పెద్దది బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ తయారుచేసిన కరోనాగ్రాఫ్. లోపలే సూర్యబింబపు వెలుగును తప్పించి, చుట్టూ ఉన్న వెలుగు వలయాన్ని, అంటే కరోనాను, మాత్రం చూపిస్తుంది. జాన్సెన్ గుంటూరులో తలపెట్టింది మంటల వరకు నెరవేరింది, కరోనా మాత్రం గ్రహణం రోజునే కనబడుతూ వచ్చింది. 1930 ప్రాంతంలో ఫ్రాన్సులోనే బెర్నార్డ్ లియో కృత్రిమ గ్రహణపు దూరదర్శినిని కనిపెట్టాడు. అయినా పూర్తిస్థాయి పరిశోధనకు గ్రహణాలే దిక్కయ్యాయి. 1980 ఫిబ్రవరి 16న తెలుగునేల మీదుగా పోయిన సంపూర్ణ గ్రహణానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు గుమిగూడింది అందుకే. ఇప్పుడు ఆ గ్రహణాన్ని అంతరిక్షంలో ఏర్పాటు చేసుకున్నాం.

ఆదిత్యలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరమూ, సౌరగాలి కణాల్ని లెక్కించే పరికరాలూ ఉన్నాయి. అవి ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే మళ్లీ రీకనెక్షన్ దగ్గరికే రావాలి. సూర్యుడి నుంచి ఎగిరిపడిన ప్లాస్మా మేఘం భూమిని చేరినప్పుడు అది తెచ్చిన అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉంటే పెద్దగా నష్టం లేదు. దక్షిణానికి ఉంటే మాత్రం భూమి క్షేత్రపు రేఖలతో ఎదురుపడి తెగి అతుక్కుంటుంది. ఆ తలుపు తెరుచుకోగానే సౌరగాలి శక్తి లోపలికి పారుతుంది. ఈ సంగతి 1961లో జేమ్స్ డంగీ చెప్పాడు. మేఘం భూమిని తాకడానికి ముందే దాని దిశ కొలవగల చోటు ఆదిత్య తిరుగుతున్న ఈ ఎల్1.

2024 మే 10, 11 తేదీల్లో ఆ తలుపు బార్లా తెరుచుకుంది. అంతకుముందు ఇరవై ఏళ్లలో అంత పెద్ద సౌరతుపాను రాలేదు. లడఖ్‌లోని హన్లే ఆకాశం ఎర్రబారింది. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మొక్కజొన్న విత్తే అదను అది. జీపీఎస్ మీద నడిచే ట్రాక్టర్లు చాలు తప్పడంతో రైతులు పని ఆపుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఇప్పుడు మిరప తోటల మీద మందు కొట్టేందుకు డ్రోన్లు వస్తున్నాయి. గుంటూరు పక్కన లాంలో ఉన్న ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తోంది. ఆ డ్రోన్‌కు దారి చెప్పేవీ ఉపగ్రహాలే.

అంతకన్నా పెద్ద అవసరం తుపాను హెచ్చరిక. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అది ఎటు వస్తోందో రోజుల ముందే తెలుసు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప, పొగాకు, పత్తి రైతులు పంట కోల్పోయిన మాట నిజమే. ప్రాణాలు మాత్రం వేలల్లో పోలేదు. ఆ హెచ్చరికకు కన్నులైన ఇన్‌శాట్ ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమి అయస్కాంత క్షేత్రం రాత్రి వైపు తోకలా సాగే దిశలోనూ తిరుగుతుంటాయి. ఆ తోకలో రీకనెక్షన్ జరిగినప్పుడల్లా వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు ఉపగ్రహాల మీద పడి వాటికి విద్యుదావేశం ఎక్కిస్తాయి. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు సౌరతుపానుకే స్టార్‌లింక్ అప్పుడే వదిలిన 49 ఉపగ్రహాల్లో దాదాపు నలభై కాలి రాలిపోయాయి. కల్లంలో మిరప ఎండబెట్టుకున్న రైతు టార్పాలిన్ కప్పాలా వద్దా అన్నది చివరికి ఇన్‌శాట్ లాంటి ఉపగ్రహాలు బతికి ఉండడం మీద ఆధారపడి ఉంటుంది. ప్లాస్మా పరిశోధన ఎవరికోసమని అడిగేవాళ్లకు ఇది నా సమాధానం.

తేలనిది ఇంకా మిగిలే ఉంది. మెలితిరిగిన రేఖలు రోజుల తరబడి నిశ్చలంగా ఉండి, ఫలానా నిమిషానే ఎందుకు తెగుతాయి? ఎం.ఆర్.ఎక్స్.లో వలయాలను మనమే నడుపుతాం కాబట్టి ఎప్పుడు తెగాలో మనమే నిర్ణయిస్తాం. సూర్యుడికి ఆ సంకేతం ఎవరూ ఇవ్వరు. పైగా ప్రయోగశాల పొర చిన్నది, ఒక్కచోటే తెగుతుంది. సూర్యుడి మీద వేల కిలోమీటర్ల పొడవునా సాగిన పొర ఒకేసారి అనేక చోట్ల తెగి గొలుసుల్లాంటి ప్లాస్మా ముద్దలుగా విడిపోతుందని సిద్ధాంతం చెబుతోంది. ఆ సంగతి తేల్చడానికే ప్రిన్స్‌టన్‌లో ఎం.ఆర్.ఎక్స్. కన్నా చాలా పెద్దదైన ఫ్లేర్ యంత్రాన్ని కట్టారు.

ఈ పనిలో మన పిల్లలకు చోటు లేకపోలేదు. ఆదిత్య-ఎల్1 కొలతల్ని ఇస్రో తన ప్రదాన్ వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. గాంధీనగర్ సంస్థ వేసవిలో విద్యార్థులకు శిక్షణ ఇస్తోంది. గుంటూరు, ఒంగోలు, చీరాల కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివే వాళ్లు అయస్కాంతత్వం, విద్యుత్తు ఎలాగూ చదువుతారు. దాని మీద ప్లాస్మా పాఠం ఒకటి చేరిస్తే చాలు, ఒక మామూలు ల్యాప్‌టాప్ మీద సౌరజ్వాల ఎక్స్-కిరణాల గ్రాఫు తెరిచి, మెరుపుకు ముందరి గంటలో ఏం మారిందో వెతకొచ్చు. ఆ ముందరి గంటలో ఏం జరుగుతుందన్నది ఇప్పటికీ ఎవరూ పూర్తిగా చెప్పలేకపోతున్నారు.